కొట్టాడా? కొట్టాడటా?

బిళ్ళ బంట్రోతు వరండాలోకి వచ్చి పేరు మూడుసార్లు పిలిచే పిలుపు, తాలూకా ఊళ్ళలో పెరిగినవాళ్ళ చెవుల్లో ఇంకా ఉంటుంది. ముందు ఇంటిపేరు, తర్వాత అసలు పేరు, చివర ఓ దీర్ఘం. ఆ పిలుపు విన్న మనిషి వేపచెట్టు కింద నుంచి లేచి, కండువా దులుపుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళేవాడు. చెప్పులు విడవమని అక్కడ ఎవరూ రాసిపెట్టలేదు. అది గుడిలాంటి చోటని అతని లెక్క.

మునసబు కోర్టు. తర్వాత దానికి జూనియర్ సివిల్ జడ్జి కోర్టని పేరు మార్చారు, జనం నోట మాత్రం చాలాకాలం మునసబు కోర్టుగానే ఉండిపోయింది. కోస్తాలో 'వాయిదా' అంటే తెలంగాణలో 'పేషీ' అంటారు. నిజాం రాజ్యంలో కోర్టు భాష ఉర్దూ కావడం వల్ల ఆ మాట అక్కడ అలా నిలబడిపోయింది. పేరేదైనా ఆ గది ఒకటే: పెంకుల కప్పు, ఎత్తైన పీట మీద జడ్జిగారి బల్ల, దాని కింద బెంచి గుమాస్తా, కుడి వైపో ఎడమ వైపో కటకటాల బోను. భారత ప్రధాన న్యాయమూర్తి స్థాయికి వెళ్ళిన కోకా సుబ్బారావు గారు కూడా మొదట కొన్ని నెలలు బాపట్లలో మునసబుగా పనిచేసినవారే.

దేశంలో ఎన్ని కోర్టులున్నా సాక్షి మాటను చెవితో వినేది ఈ కింది కోర్టు జడ్జి ఒక్కరే. జిల్లా కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు అప్పీల్లో చూసేది ఆయన రాయించిన కాగితాన్ని. ఆ కాగితంలో మాట తప్పు పడితే పైన ఎంత గొప్ప న్యాయమూర్తి కూర్చున్నా చదివేది ఆ తప్పునే. అందుకే ట్రయల్ జడ్జి పనితనం గురించి మాట్లాడేటప్పుడు తీర్పులు ఎంత పొడుగు రాశారు, ఏ నజీరు (పాత తీర్పు) ఉదహరించారు అన్నదానికంటే వాంగ్మూలం ఎలా రాయించారన్నది ముందు చూడాలి.

రాయించే తీరు ఇది. సాక్షి బోనెక్కి దేవుడి మీద ప్రమాణం చేసేవాడు. పన్నెండేళ్ళలోపు పిల్లలకు ప్రమాణం అర్థం కాదనిపిస్తే అది అక్కర్లేదని 1969 నాటి ప్రమాణాల చట్టం చెబుతుంది. ఆ పిల్లలను ముందు "ఏ తరగతి చదువుతున్నావు, అబద్ధం చెబితే ఏమవుతుంది" అని రెండు మూడు మాటలు అడిగి, ఆ జవాబులు కూడా రాసుకోవాలి. ఆ తర్వాత వకీలు ప్రశ్న వేస్తాడు, సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి దాన్ని అక్కడికక్కడే మనసులో ఇంగ్లీషులోకి మార్చుకుని టైపిస్టుకు చెబుతారు. రెండు కాగితాల మధ్య కార్బను, టకటకమని మిషను చప్పుడు. అంతకు ముందు తరంలో జడ్జిగారే చేత్తో రాసుకునేవారు. సాక్షి గోదావరి యాస, రాయలసీమ యాస, తెలంగాణ యాస అన్నీ చివరికి ఒకే ఇంగ్లీషు అచ్చులో పడేవి. తప్పు జరిగేది సరిగ్గా అక్కడే.

'ట' సంగతి తీసుకోండి. "అతను కర్రతో కొట్టాడండి" అంటే సాక్షి చూశాడు. "కొట్టాడటండి" అంటే ఎవరో చెబితే విన్నాడు. తెలుగువాడు ఆ ఒక్క అక్షరంతో తాను చూసినదాన్ని, విన్నదాన్ని వేరు చేసి నిజాయితీగా చెబుతాడు. ఇంగ్లీషులో దానికి సరిసాటి అక్షరం లేదు. పన్నెండున్నరకు, బయట ఇంకో ఇరవై కేసులు కాచుకుని ఉండగా, హడావుడిగా 'కొట్టాడు' అని టైపయిపోతే విన్నమాట కళ్ళారా చూసిన సాక్ష్యం అయిపోతుంది. నోటి సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలని పాత సాక్ష్య చట్టం 60వ సెక్షను, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 55వ సెక్షను చెబుతున్నాయి. చట్టం అంత గట్టిగా అడ్డుకున్నదాన్ని ఒక్క అక్షరం జారిపోయి లోపలికి రానిస్తుంది. దీని నష్టం రెండు వైపులా ఉంటుంది. క్రాస్‌లో, అంటే ఎదుటి పక్షం ప్రశ్నలు వేసేటప్పుడు, వకీలు "నువ్వు ఆ సమయానికి పొలంలో ఉన్నావు కదా, ఎలా చూశావు?" అని నిలదీస్తాడు. చూశానని ఎన్నడూ అనని మనిషి అబద్ధాలకోరుగా బోను దిగుతాడు.

మంచి జడ్జి 'ట' వినపడగానే టైపిస్టు వైపు చెయ్యెత్తి ఆపేవారు. "నువ్వు చూశావా? ఎవరన్నా చెప్పారా? చెప్పిందెవరు? ఎప్పుడు చెప్పారు?" నాలుగు ప్రశ్నలు. నిజం రాబట్టడానికి ఏ దశలోనైనా, ఏ సాక్షినైనా ప్రశ్న అడిగే అధికారం జడ్జికి ఉంది (పాత చట్టంలో 165, ఇప్పుడు 168). ఆ చెప్పిన మనిషి పేరు సాక్షుల జాబితాలో ఉందో లేదో చూసుకోవడం తర్వాతి మెట్టు. లేకపోతే పిలిపించవచ్చు. దీనికంతా పట్టేది రెండు నిమిషాలు.

ఇంకోటి 'వారు'. "వారు వచ్చి తోశారండి" అన్నప్పుడు వచ్చింది పెద్దాయన ఒక్కరా, పదిమందా? మన భాషలో గౌరవానికీ, గుంపుకీ ఒకటే రూపం. ఊరి కామందు గురించి కూలివాడు చెబుతుంటే, కొట్టినవాడైనా సరే 'వారు' అనే అంటాడు. దాన్ని గుంపుగా రాస్తే కేసు స్వరూపమే మారిపోతుంది, ఎందుకంటే ఐదుగురో అంతకు ఎక్కువో ఉంటేనే చట్టవిరుద్ధ సమావేశం. 'వారు' అన్నప్పుడల్లా "ఎంతమంది? పేర్లు చెప్పు" అని అడగాల్సిందే.

కాలం కూడా అంతే. కోడికూత వేళ, దీపాలు పెట్టే వేళ, పొద్దు వాలాక, మాటు మణిగాక. వీటిని గంటల్లోకి మార్చి 'సాయంత్రం ఆరు' అని రాస్తే, రేపు ఇంకో సాక్షి దీపాలు పెట్టే వేళను 'ఏడు' అన్నప్పుడు లేని వైరుధ్యం పుట్టుకొస్తుంది. దీపాలు పెట్టే వేళ మాఘంలో ఒకలా, జ్యేష్ఠంలో ఒకలా ఉంటుంది. కూతవేటు దూరాన్ని మీటర్లలో రాసినా ఇదే చిక్కు. జాగ్రత్తగల జడ్జీలు సాక్షి వాడిన తెలుగు మాటనే ఇంగ్లీషు వాక్యం మధ్యలో ఉన్నదున్నట్టు టైపు చేయించేవారు. చేత్తో కొలత చూపించమని, "ఈ బల్ల నుంచి ఆ గుమ్మం దాకా ఉంటుందండి" అని సాక్షి అంటే, ఆ దూరాన్ని అప్పుడే బంట్రోతు చేత కొలిపించి రాయించినవారూ ఉన్నారు.

తేదీలైతే మరీ. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. కేంద్రం 2005లో చేసినదాన్ని మన దగ్గర 1985 సెప్టెంబరు 5 నుంచే అమలుచేశారు. కానీ ఆ తేదీకి పెళ్ళయిపోయిన కూతురికి అది వర్తించలేదు. దాంతో ఎన్నో పంపకం దావాల్లో అసలు తగాదా భూమి దగ్గర్నుంచి పెళ్ళి తేదీకి మారింది. ఆ రోజుల్లో పల్లెల్లో పెళ్ళి రిజిస్ట్రేషను ఎవరు చేయించారు? పసుపు బొట్లు పెట్టిన శుభలేఖ ఎగ్జిబిట్ ఎ-3 అయ్యేది, దాని మీద కోర్టు ముద్ర పడేది. పెళ్ళి చేయించిన పురోహితుడు సాక్షిగా వచ్చేవాడు. శుభలేఖ మీద తిథీ వారమూ ఉండి సంవత్సరం పేరు ప్రభవాది పేర్లలో ఉంటే పంచాంగం తెప్పించాలి. శుభలేఖ కూడా లేకపోతే మిగిలేది జ్ఞాపకమే. "దివిసీమ తుఫాను తర్వాత వచ్చిన మాఘంలో అండి" అని ముసలి మేనత్త చెబితే, తుఫాను 1977 నవంబరు 19 కాబట్టి పెళ్ళి 1978 మొదట్లో అని లెక్క కట్టుకోవచ్చు. ఇది నమ్మదగ్గ సాక్ష్యం. అంకెలు కంఠతా పట్టి వచ్చిన సాక్షి కంటే, తుఫానుతో ముడిపెట్టి చెప్పిన మేనత్త మాటకే విలువ ఎక్కువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

అన్నిటికంటే బరువైన వినికిడి కోర్టు గదిలో జరగదు. అది రాత్రిపూట ఆసుపత్రిలో జరుగుతుంది. కాలిన గాయాల వార్డు నుంచి కబురు వస్తుంది, మేజిస్ట్రేటు వెళ్ళి మరణ వాంగ్మూలం తీసుకోవాలి. 1980, 90ల్లో ఈ రాష్ట్రంలో పనిచేసిన మేజిస్ట్రేట్లలో ఆ కిరసనాయిలు వాసన మరిచిపోగలిగినవాళ్ళు ఉంటారనుకోను.

అక్కడి వరస ఇది. ముందు పోలీసులనూ బంధువులనూ బయటికి పంపాలి. తాను ఎవరో ఆమెకు చెప్పాలి, ఎందుకంటే ఆ స్థితిలో తెల్లచొక్కా వేసుకున్న ప్రతివాడూ పోలీసులాగే కనిపిస్తాడు. మాట్లాడే స్థితిలో ఉందని డాక్టరు రాసివ్వాలి. మేజిస్ట్రేటు కూడా తన తృప్తి కోసం నీ పేరేమిటమ్మా, ఏ ఊరు, పిల్లలెంతమంది, ఇప్పుడు పగలా రాత్రా అని అడిగి, ఆ ప్రశ్నలూ జవాబులూ రాసుకోవాలి. మేజిస్ట్రేటు తృప్తిపడి రాసినప్పుడు డాక్టరు సర్టిఫికెట్ లేదన్న ఒక్క కారణంతో వాంగ్మూలాన్ని తోసేయకూడదని 2002లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం లక్ష్మణ్ కేసులో చెప్పింది. అయినా తీసుకోవడమే మేలు. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం రాయాలి. చదివి వినిపించాలి. వేలిముద్ర వేయడానికి చేతులు కాలిపోయి ఉంటే కాలి బొటనవేలి ముద్ర తీసుకుని, ఎందుకు అలా తీసుకున్నారో పక్కన రాయాలి.

మాట తీసుకునేటప్పుడు ఒక గండం ఉంది. "మామ పోశాడు" అంటుంది ఆమె. ఏ మామ? భర్త తండ్రా? మేనమామా? మేనరికం చేసుకున్న ఇళ్ళలో భర్తనే మామ అనో బావ అనో పిలవడం ఉంది. ఆ ఒక్క మాట దగ్గర ఆగకపోతే, తర్వాత ఏడాదికో రెండేళ్ళకో, ఆమె లేనప్పుడు, ఇద్దరు మగవాళ్ళలో ఎవరు అన్నది తేల్చే దారి ఉండదు. పేరు అడిగితే చెప్పదు, మొగుడి పేరు పైకి అనకూడదన్న పెంపకం ప్రాణం పోతున్నా వదలదు. అప్పుడు "మీ పిల్లాడికి బళ్ళో తండ్రి పేరు ఏమని రాయించారమ్మా?" అని తిప్పి అడగాలి. ప్రశ్నలో తాను ఏ పేరూ అందించకూడదు. 'మామ' అని ఆమె అన్నదాన్ని తెలుగులో అలాగే రాసి, వివరణ ప్రశ్నా జవాబూ దాని కిందే రాయాలి. ఇది ఏ శిక్షణ పుస్తకంలోనూ పేజీలకు పేజీలు ఉండేది కాదు. పాత మేజిస్ట్రేట్ల నుంచి కొత్తవాళ్ళు నేర్చుకుంటూ వచ్చిందే.

ముద్దాయి మాట వినే ఘట్టం కూడా ఉంది, చాలామంది దాన్ని తతంగంగా చూస్తారు. సాక్షులంతా అయ్యాక, పాత క్రిమినల్ ప్రొసీజర్ స్మృతిలో 313వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 351 కింద, తనకు వ్యతిరేకంగా వచ్చిన ప్రతి అంశాన్నీ విడివిడిగా ముద్దాయి ముందు పెట్టి జవాబు అడగాలి. పెట్టని అంశాన్ని అతని మీద వాడుకోవడానికి లేదు. తప్పు జరిగేది ఎక్కడంటే, ముగ్గురు సాక్షులు చెప్పినదంతా ఒక పెద్ద ప్రశ్నగా కలిపి, ముందే టైపు చేసి ఉంచి, గడగడా చదివేసి "ఏమంటావు?" అంటారు. అతను "అబద్ధమండి" అంటాడు. ఏది అబద్ధం? ఆ చోట ఉన్నాననడమా, కర్ర తనదనడమా, కొట్టాననడమా? ఒక్కొక్క ముక్కగా, చిన్న తెలుగు వాక్యంలో అడిగితే, "ఉన్నానండి, కానీ విడదీయడానికి వెళ్ళాను" అన్న జవాబు వచ్చే అవకాశం ఉంటుంది. ఆ ఒక్క వాక్యంతో ఏ సాక్షిని మళ్ళీ పిలవాలో తెలుస్తుంది.

ఇక బోను దాకా రావడం. అది చాలామందికి సాధ్యపడని పని. మొదటి బస్సుకు బయల్దేరి, రోజు కూలి పోగొట్టుకుని, క్యారియర్లో అన్నం తెచ్చుకుని, పదిన్నరకు చెట్టు కింద కూర్చున్న మనిషికి సాయంత్రం నాలుగింటికి "వచ్చే నెల 14" అని చెప్పి పంపడంలో ఎంత నష్టం ఉందో బల్ల ఎత్తు మీద నుంచి కనపడదు. సాక్షులు వచ్చిన కేసులు, రాని కేసులు ఉదయం పిలుపులోనే వేరుచేసి, వాయిదా పడక తప్పని వాటిని పదకొండున్నరలోపే పంపేసే జడ్జిని ఊరంతా దీవించేది. అది చట్టంలో లేని న్యాయం, అయినా న్యాయమే.

సివిల్ కేసులో సమన్లు అందకపోవడం పెద్ద బెడద. బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టాక ప్రాసెస్ సర్వరు ఊరికి వెళ్తాడు, మనిషి పొలంలో ఉంటాడు, 'తలుపు తాళం' అని రాసుకుని వస్తాడు. రెండు మూడుసార్లు అలా అయ్యాక గోడకు అతికిస్తారు. వానకు కాగితం పోతుంది. ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే ప్రతివాది లేకుండానే తీర్పు, పడుతుంది, ఆ సంగతి ప్రతివాదికి తెలిసేది డిక్రీ అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీనా జప్తుకు వచ్చి చాటింపు వేయించినప్పుడే. అలాంటప్పుడు ముప్పై రోజులలోపు ఆ డిక్రీ రద్దుకు పిటిషను వేయాలి. సమన్లు సరిగా అందని కేసులో ఆ ముప్పై రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్క. "డిక్రీ అయిపోయింది కదా, ఇంకేముంది" అని ఇల్లు అమ్ముకున్నవాళ్ళకు ఈ ఒక్క ముక్క చెప్పే దిక్కు లేకపోయింది.

క్రిమినల్‌లో జామీను. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో, పదివేల రూపాయల పూచీ అడిగి, అన్న ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని కాదన్నారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ఉత్తర్వును తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. దక్షిణాది మనిషి దూరాన ఎక్కడో ఉత్తరాదిలో అరెస్టయితే స్థానిక జామీనుదారుణ్ణి ఎక్కడ తెస్తాడని ఆ తీర్పులో అడిగినప్పుడు మనవాళ్ళనూ తలుచుకున్నారు. అయినా ఇంటి పన్ను రసీదూ, ఆస్తి విలువ పత్రమూ తేలేక, బెయిలు వచ్చినా జైల్లోనే ఉండిపోయేవాళ్ళు ఆ తర్వాతా ఉన్నారు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు దీనికి కొన్ని మెట్లు చెప్పింది: బెయిలు ఉత్తర్వు ఈమెయిలులో జైలుకు వెళ్ళాలి, వారంలో విడుదల కాకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి, నెలలో పూచీకత్తు ఇవ్వలేకపోతే షరతు సడలించే సంగతి కోర్టు తనంతట తానే చూడవచ్చు. నాగరిక్ సురక్షా సంహిత 479 ప్రకారం అంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడని ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు విచారణలోనే గడిపితే, మరణశిక్షకో యావజ్జీవానికో అవకాశమున్న నేరాలు తప్ప, బాండు మీద వదలాలి. ఒకటి కంటే ఎక్కువ కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది దక్కదు.

ఉచిత వకీలు సంగతి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. దానికి 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఉంది, అది 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళు – వీళ్ళకు ఆదాయంతో పనిలేదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసి కోర్టు ఆవరణలోనే ఉండే మండల న్యాయ సేవల కమిటీలో ఇస్తే చాలు, 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. కోర్టు ఫీజు కూడా వాళ్ళే భరిస్తారు. చాలామంది "సర్కారు వకీలు సరిగా చెయ్యడు" అని వెళ్ళరు. ఆ అనుమానం అన్నిచోట్లా తప్పు కాదు, కానీ వకీలు సరిగా చూడటం లేదని అదే కమిటీకి రాసిస్తే మార్చి ఇంకొకరిని ఇవ్వమని అడగవచ్చు.

రాజీతో కేసులు ముగించే లోక్ అదాలత్‌కు వెళ్ళేముందు ఒక్క సంగతి తెలియాలి. రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, కానీ ఆ అవార్డు (రాజీ తీర్పు) మీద అప్పీలు లేదు. అన్నదమ్ముల మధ్య అక్కచెల్లెలు "నాకేం వద్దులెండి" అంటూ సంతకం పెడుతున్నప్పుడు, ఆమెను ఒక్కదాన్నే పిలిచి, షరతులు తెలుగులో చదివి, "నీ వాటా ఎన్ని సెంట్లో తెలుసా అమ్మా?" అని అడిగే జడ్జి ఉంటే అది రాజీ. అడగకపోతే దాని పేరు వేరే.

2002 తర్వాత సివిల్ కేసుల్లో సాక్షి మొదటి వాంగ్మూలం నోటితో చెప్పడం పోయి, అఫిడవిట్‌గా దాఖలు చేయడం వచ్చింది. కాలం కలిసొచ్చిన మాట నిజమే, రెండు పూటల పని పావుగంటలో అయిపోతుంది. కానీ ఆ అఫిడవిట్ వకీలు ఇంగ్లీషులో ఉంటుంది. సాక్షి గొంతు మొదటిసారి వినపడేది క్రాస్‌లోనే. "ఈ కాగితంలో ఏముందో నాకు తెలియదండి, సంతకం పెట్టమంటే పెట్టాను" అన్న జవాబుతో మంచి దావాలు కూలిపోయాయి. అందుకే అఫిడవిట్ తెలుగులో రాయించమని వకీలును అడగండి, అలా దాఖలు చేయవచ్చు. సంతకానికి ముందు ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఒకసారి చదివించుకోండి.

ఇప్పుడు టైపు మిషన్లు లేవు, జడ్జి చెబుతుంటే స్టెనో కంప్యూటర్లో కొడుతుంది, ప్రతి కేసుకూ ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో వాయిదా ఫోనులోనే తెలుస్తుంది. చెట్టు కింద జనం కాస్త పలచబడ్డారు. మారనిది ఒకటుంది. వాంగ్మూలం అయ్యాక దాన్ని సాక్షికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి, తప్పుంటే దిద్దాలని చట్టం ఇప్పటికీ చెబుతోంది. ఎక్కువచోట్ల 'చదివి వినిపించగా సరియైనదని ఒప్పుకున్నాడు' అన్న వాక్యం చివర ముందే టైపై ఉంటుంది, చదవడం జరగదు. చదివే చోట మాత్రం, ఇంగ్లీషు కాగితం చేతిలో పట్టుకుని జడ్జిగారు ఒక్కో వాక్యం తెలుగు చేస్తూ పోతుంటే, బోనులో ఉన్న ముసలాయన తల ఊపుతూ వింటూ, మధ్యలో ఒకచోట చెయ్యి అడ్డం పెడతాడు.

"అయ్యా, కొట్టాడు అనలేదండి. కొట్టాడట అన్నాను."

పెన్ను తీసి, ఆ వాక్యం కొట్టేసి, పైన రాసి, పక్కన పొడి అక్షరాల సంతకం పెడతారు.